రాజవ్వ ఎక్కితే పెరిగే నూనె

వరంగల్ మట్టెవాడలో నూలు కొట్టు లింగమూర్తి తల్లి రాజవ్వకు తన చేతిసంచి ఎదురుగా వేలాడుతూ కనిపిస్తే తప్ప కూర్చున్నట్టే ఉండేది కాదు. ముతక గుడ్డ సంచి అది. అందులో తమలపాకులు, వక్కలు, సున్నపుకాయ, వాటి మీద బరువైన ఇనుప అడకత్తెర. కింద పెడితే చీమలు పడతాయి. ఒళ్ళో పెట్టుకుంటే ఉక్క. కోడలి చేతికిస్తే వక్కలు తగ్గుతాయి. అందుకని ఎవరింటికి వెళ్ళినా ఆమె ముందు గోడకేసి చూసేది. మేకు ఉంటే ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళు. మనవరాలికి వచ్చిన ఒక సంబంధాన్ని "గోడకు ఒక్క మొల లేదు, ఆ ఇంట్ల పిల్లెట్ల బతుకుతది?" అని తిప్పికొట్టిందట.

ఆమె నేతగాళ్ళ ఇంట పుట్టి నేతగాళ్ళ ఇంటికే కోడలిగా వచ్చింది. భర్త బతికున్నన్నాళ్ళూ ముందు వసారాలో రెండు మగ్గాలు ఆడుతుండేవి. రాజవ్వ వంటింట్లో పప్పు ఎనుపుతూనే "పోగు తెగింది, చూసుకో" అని కేకేసేది. ఆయన వంగి చూస్తే నిజంగానే తెగి ఉండేది. ఆయన పోయాక, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నూలు కరువై నేత సాగక, లింగమూర్తి నూలు వ్యాపారంలోకి దిగాడు. దిగినవాడు నిలదొక్కుకున్నాడు. మగ్గాలు విప్పి అటక మీద పడేసి, వసారాలో బేరగాళ్ళు కూర్చోవడానికి బల్లలు వేయించాడు. అందరూ ఇల్లు బాగుపడిందన్నారు. రాజవ్వ మాత్రం "ఇల్లు మూగదైంది" అనేది.

యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం లింగమూర్తి హైదరాబాదులో ఒక పింఛనీదారు అధికారి దగ్గర పాత మోటారుకారు కొన్నాడు. దాన్ని నడపడానికి మొగిలయ్యను పెట్టుకున్నాడు. మొగిలయ్య యుద్ధకాలమంతా నర్సంపేట దారిలో బొగ్గు బస్సు నడిపినవాడు. పెట్రోలు దొరకని ఆ రోజుల్లో బస్సు వెనక కొలిమిలాంటి డబ్బా కట్టి, అందులో బొగ్గు రాజేసి, ఆ పొగతో బండి నడిపేవాళ్ళు. ఆ ఉద్యోగంలో సగం డ్రైవరు పని, సగం వంటవాడి పని. నిప్పు ఊదడం, హారన్ కొట్టడం, ఎడ్లబండ్లను తప్పించడం, ఈ మూడింటిలో మొగిలయ్యను మించినవాడు లేడు. పెట్రోలు కారు అతనికి కొత్త. అధికారి దగ్గర పనిచేసిన పాత డ్రైవరు స్టీరింగు, గేర్లు చూపించి, ఇంజను నూనె కొలిచే ఇనుప పుల్ల ఎక్కడుందో చెప్పి, రైలుకు టైమైందని వెళ్ళిపోయాడు.

"నేనేమన్న మూటనా, అండ్ల కుక్కి తీస్కపోనీకి?" అని రాజవ్వ మొదట కారెక్కనంది. కొడుకు బతిమాలి వెనక సీటులో కూర్చోబెడితే చౌరస్తా దాటకముందే వాంతి చేసుకుంది. ముందు సీటులో కూర్చోబెట్టారు. కారు కదిలింది. రాజవ్వ తల ఒక పక్కకు వంచి కాసేపు విన్నది. ఇంజను టకటకా ఒకే తీరుగా కొట్టుకుంటోంది.

"ఆడుతాంది" అందామె, మగ్గం గురించి చెప్పినట్టు.

ఆ రోజు నుంచి ఆమె దిగనంది. లింగమూర్తి కొట్టులో కూర్చోగానే, మొగిలయ్య ఆమెను హనుమకొండ దాకా తిప్పి తీసుకురావాలి. ఇద్దరూ ముందు సీటులో కూర్చుని మాట్లాడుకుంటూ పోయేవాళ్ళు. అతను బొగ్గు బస్సు ముచ్చట్లు చెప్పేవాడు. ఆమె మగ్గం ముచ్చట్లు చెప్పేది. ఒకరు చెప్పింది ఇంకొకరికి పూర్తిగా అర్థమయ్యేది కాదు కానీ, అదేమీ అడ్డం రాలేదు.

వచ్చిన చిక్కల్లా సంచితోనే. కారులో గోడ లేదు, మేకు లేదు. రాజవ్వ ఎదురుగా ఉన్న చెక్క పలక మీద చేత్తో తడిమింది. ఒక గుండీ తిప్పితే అద్దం మీద పుల్ల కదిలింది. ఇంకొకటి కదల్లేదు. మూడోది పట్టుకుని లాగితే సాఫీగా బెత్తెడు బయటికి వచ్చి ఆగింది. అచ్చం చిలుక్కొయ్య.

"మొగిలీ, ఇదేంది?"

మొగిలయ్య బొగ్గు బస్సులో అలాంటిది చూడలేదు. "దొరల కారు గదా అవ్వా. టోపీ తగిలిచ్చుకునేటిది కావచ్చు" అన్నాడు.

రాజవ్వ సంచి తగిలించింది. దిగేటప్పుడు సంచి తీసుకుని, కొయ్యను మళ్ళీ లోపలికి నెట్టేసింది. తీసింది మూయకుండా వెళ్ళడం ఆమెకు చేతకాదు. బయటికి పొడుచుకుని ఉంటే ఎవరి మోకాలికైనా తగులుతుంది కూడా.

ఆ గుండీని చోకు అంటారు. చలిలో మొండికేసిన ఇంజనుకు కాసేపు గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువగా అందించడానికి దాన్ని లాగుతారు. ఇంజను వేడెక్కగానే నెట్టేస్తారు. వరంగల్ ఎండలకు దాని అవసరం ఎప్పుడో గాని రాదు. మొగిలయ్య నడిపే కారు అది లాగకుండానే బయల్దేరేది. ఆ తరువాత రాజవ్వ అడకత్తెర బరువుతో హనుమకొండ దాకా, తిరిగి మట్టెవాడ దాకా, చోకు బయటే వేలాడేది. కాలగా మిగిలిన పెట్రోలు కొంత నల్లటి పొగై వెనక నుంచి పోయేది. కొంత ఇంజను లోపల గోడల వెంట జారి, అడుగున ఉన్న నూనెలో కలిసేది.

కొన్ని వారాలకు లింగమూర్తి ఇంట్లో రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది, రేషను మీద వచ్చే పెట్రోలు కూపన్లు నెల మధ్యలోనే అయిపోతున్నాయి.

"మొగిలీ, హనుమకొండకు పోయిరానీకి ఇంత పెట్రోలా? తాగుతాన్నవా ఏంది?" అని లింగమూర్తి నిలదీశాడు.

"వాసనకే కడుపుల తిప్పుతది సావుకారీ, తాగుడేంది?"

"తాగకుంటే అమ్ముకుంటాన్నవు."

మొగిలయ్య కొండగట్టు దేవుడి మీద ప్రమాణం చేశాడు. లింగమూర్తి నమ్మలేదు. పెట్రోలు ట్యాంకు మూతకు, ఇంజను మూతకు తాళాలు వేయించి, చెవులు తన మొలతాడుకు కట్టుకున్నాడు.

రెండో సంగతి మొగిలయ్యే తెచ్చాడు. ఒక పొద్దున లింగమూర్తి ఇంజను మూత తాళం తీసి కొట్టులోకి పోగానే, నూనె చూసి, ఇనుప పుల్ల పట్టుకుని కొట్టు ముందుకు పరుగెత్తుకొచ్చాడు.

"సావుకారీ, జర బయటికి రాండ్రి. ఇంజనుల నూనె పెరుగుతాంది."

"తగ్గిందా?"

"తగ్గలే. పెరిగింది. పుల్ల మీద ఈ గీత దాకా ఉండాలె. బెత్తెడు మీదికొచ్చింది."

"ఎవడన్న పోసిండా?"

"తాళంచెవి మీ మొలతాడుకే ఉన్నది గదా."

లింగమూర్తి మొలతాడు తడుముకున్నాడు. చెవి ఉంది. "పోయకుంటే ఎట్ల పెరుగుతదిరా? అదేమన్న కోడిపిల్లనా?"

పెరిగింది మాత్రం నిజం. లింగమూర్తి స్వయంగా పుల్ల ముంచి చూశాడు. వ్యాపారంలో దిగినప్పటి నుంచి సరుకు తరగడమే చూశాడు గాని, పెట్టిన చోట పెరగడం చూడలేదు. ఆయన భార్య భాగ్యమ్మ లోపలికి వెళ్ళి పసుపు కుంకుమ తెచ్చి ఇంజను మూతకు బొట్టు పెట్టింది. ఇంతమందిలో ఎవరికీ తగ్గుతున్న పెట్రోలుకూ పెరుగుతున్న నూనెకూ సంబంధం ఉందేమోనన్న ఆలోచన రాలేదు. పెట్రోలు సంగతి దొంగతనం, నూనె సంగతి దేవుడి దయ. దొంగతనం గురించి మొగిలయ్యను తిట్టేవాళ్ళు. దయ గురించి కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. రెండూ ఒకే మూత కింద జరుగుతున్నాయి.

అయినా కారు కదా అని, హనుమకొండ నుంచి గుండయ్య మిస్త్రీని పిలిపించారు. గుండయ్య పుల్ల తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండు వేళ్ళ మధ్య నూనె రుద్దాడు. "జిగి లేదు. నీళ్ళ లెక్కున్నది" అన్నాడు. తెల్ల కాగితం అడిగి దాని మీద ఒక్క చుక్క వేశాడు. నడుమ నల్లటి మచ్చ నిలిచి, దాని చుట్టూ పల్చటి తడి గుండ్రంగా పాకుతూ పోయింది.

"ఇగో, ఈ పాకేటిది నూనె కాదు. పెట్రోలు. నూనెల పెట్రోలు కలిసింది. దేవుడు లేడు, దయ్యం లేదు."

సరిగ్గా అప్పుడే పూజగదిలోంచి భగ్గుమన్న చప్పుడు, లింగమూర్తి కేక వినిపించాయి. దానంతటది పెరిగిన నూనె వృథా పోకూడదని భాగ్యమ్మ అందులో కొంచెం దీపంలో పోసింది. లింగమూర్తి భక్తిగా వంగి వెలిగించాడు. ఎడమవైపు మీసం పోయింది.

"నేను చెప్పలే?" అన్నాడు గుండయ్య సంతోషంగా.

మిస్త్రీ నూనెంతా దింపేసి, కొత్తది పోసి, పెట్రోలు ఎక్కించే పంపులో పొర చిరిగి ఉంటుందని దాన్ని మార్చాడు. పాత పొరను ఎండకేసి పట్టి చూశాడు. చిరుగు కనిపించలేదు. "కంటికి కనపడని చిరుగు" అని జేబులో వేసుకున్నాడు. అదే రోజుల్లో రాజవ్వ తొర్రూరులో ఉన్న కూతురి దగ్గరికి పోయింది. ఆమె తిరిగి వచ్చేదాకా నూనె గీత దాటలేదు. గుండయ్య పేరు మట్టెవాడలో మోగిపోయింది. రాజవ్వ వచ్చింది, కారెక్కింది, హనుమకొండకు పోయి వచ్చింది. నూనె మళ్ళీ పెరగడం మొదలుపెట్టింది.

ఈ రెంటినీ కలిపి చూసింది భాగ్యమ్మ. "అత్త ఊళ్ళె లేనన్ని దినాలు పెరగలే. అత్త ఎక్కంగనే పెరుగుతాంది" అని మొగుడి చెవిలో వేసింది. అత్త గురించి చెప్పుకోవడానికి కొత్త మాట దొరికి చాలా కాలమైంది కాబట్టి, కొంచెం గట్టిగానే వేసింది.

పక్కింట్లో వకీలు కిషన్ రావు ఉండేవాడు. కేసులు తక్కువ, తీరిక ఎక్కువ. ఆయనకు ఈ మాట తెలియగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"లింగమూర్తీ, అనుమానంతో తీర్పు చెప్పొద్దు. విచారణ కావాలె. ఇంజను అదే ఉండాలె, డ్రైవరు అతనే ఉండాలె, దారి అదే ఉండాలె. సీట్ల కూసునే మనిషిని మాత్రం మార్చాలె."

మొదట కొన్నాళ్ళు రాజవ్వ చోట భాగ్యమ్మ కూర్చుంది. చీర కొంగు బయటికి కనబడేలా సర్దుకుని హనుమకొండ అంతా చూసి వచ్చింది. నూనె పెరగలేదు. భాగ్యమ్మ సన్నటిది, బరువు చాలదేమో అని గుండయ్య అనుమానపడ్డాడు. అయితే రాజవ్వ ఎంత బరువో అంత బరువు పెట్టి చూడాలన్నాడు వకీలు. రాజవ్వను నూలు బేళ్ళు తూచే కాటా మీదికి ఎక్కించారు.

"ఈ వయసుల నన్ను జోకుతాన్రా?" అందామె, తాడు పట్టుకుని ఊగుతూ.

ఆమెకు సరితూగే వడ్ల బస్తాను ముందు సీటులో నిలబెట్టారు. తేడా ఉండకూడదని దానికి రాజవ్వ పాత చీర కూడా చుట్టారు. మొగిలయ్య ఏ ముఖం పెట్టాలో తెలియక రోడ్డుకేసే చూస్తూ నడిపాడు. చౌరస్తాలో ఎవరో బస్తాకు దండం పెట్టి "అవ్వా, మంచిగున్నవా?" అని అడిగారు. బస్తాతో కూడా నూనె పెరగలేదు. తరువాత రాజవ్వను ఎక్కించారు. పెరిగింది.

"ముద్దాయి తేలింది" అన్నాడు వకీలు.

"నేనేం జేసిన్రా? కూసున్న, అంతే గద" అంది రాజవ్వ.

గుండయ్య తల గోక్కుని, ఇంజనులో తప్పు లేదు, అవ్వలోనే ఉందని ఒప్పుకున్నాడు. ఇంజనులో ఉంటే తను చూసుకునేవాడు. అవ్వలో ఉంది కాబట్టి వైద్యుడిని పిలిపించారు. ఆయన రాజవ్వ నాడి పట్టుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, మళ్ళీ నాడి పట్టుకున్నాడు.

"అవ్వది వేడి శరీరం. ఆ వేడి సీటులకు దిగుతాంది. సీటుల నుంచి ఇంజనుకు పోతాంది. వేడికి నూనె పొంగదా?"

అందరికీ నచ్చింది. రాజవ్వకు పచ్చడి, చింతపండు, మిరప్పొడి బందు. రోజూ మజ్జిగ, పెసరకట్టు. "కారుకు రోగమొస్తే నేనెందుకు పథ్యం తినాలెరా?" అని ఆమె గిన్నె దూరంగా నెట్టింది. లింగమూర్తి చేతులు పట్టుకున్నాడు. తిన్నది. ఇంజనులో నూనె మాత్రం ఏమీ తగ్గలేదు.

ఈలోగా సంగతి ఊళ్ళో పాకింది. గానుగ నడిపే సమ్మమ్మ ఒక మధ్యాహ్నం వచ్చి రాజవ్వ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అక్కా, ఇనుప ఇంజనుల నూనె పెంచినవు. నువ్వులున్న గానుగల పెంచవా? ఒక్కపారి వచ్చి కూసో."

రాజవ్వ కాదనలేకపోయింది. సమ్మమ్మ ఆమెను గానుగ తిప్పే దూలం మీద కూర్చోబెట్టింది. ఎద్దు తిరిగింది. రాజవ్వ తిరిగింది. కొంతసేపటికి ఎద్దును ఆపినా రాజవ్వకు ఇల్లు, గోడ, సమ్మమ్మ అన్నీ తిరుగుతూనే ఉన్నాయి. నువ్వుల్లోంచి ఎప్పుడూ వచ్చే నూనే వచ్చింది. అయినా సమ్మమ్మ "నిన్నటికంటే పల్చగ, ఎక్కువ వచ్చింది" అని వీధంతా చెప్పింది. మరునాడు ఇంకొకరు సొరపాదు పక్కన కూర్చోమని పిలిచారు.

ఇవన్నీ రాజవ్వ నవ్వుతూనే భరించింది. కానీ ఒక పొద్దున కొడుకు వసారాలో వకీలుతో అంటున్న మాటలు ఆమె చెవిన పడ్డాయి. పల్చబడిన నూనెతో ఇంజను అరుగుతోందని, లోపల ఇనుము ఇనుమును రాసుకుంటున్న చప్పుడు వస్తోందని గుండయ్య చెప్పాడట. "ఇగ అవ్వను ఇంట్లనే ఉంచుత. మొగిలిగాని పని గూడ బందు పెడుత. ఆమెతోని నూనె బాధ, వానితోని పెట్రోలు బాధ" అన్నాడు లింగమూర్తి.

రాజవ్వ ఆ పూట మజ్జిగ కూడా ముట్టలేదు. మొగిలయ్య దొంగ కాడని ఆమెకు తెలుసు. ఎలా తెలుసంటే చెప్పలేదు. పక్కన కూర్చుని ఇన్నాళ్ళు తిరిగింది, అంతే. ఇంట్లో కూర్చోవడమంటే మళ్ళీ ఆ మూగ ఇల్లే. సాయంత్రం కొడుకును పిలిచి, "ఆఖరిసారి నర్సంపేటల మా చెల్లెను చూసొస్త. మొగిలే తీస్కపోవాలె. ఆ తరువాత మీ ఇష్టం" అంది. లింగమూర్తి ఒప్పుకున్నాడు.

మరునాడు పొద్దెక్కాక బయల్దేరారు. సంచి మామూలుగా కొయ్యకు వేలాడుతోంది. కారు దగ్గుతూ, నల్లటి పొగ వదులుతూ పోతోంది. ఊరు దాటి కొంత దూరం పోయాక ముందు చక్రం గుంతలో పడింది. సంచి కాడ తెగింది. అడకత్తెర రాజవ్వ పాదం మీద పడింది. వక్కలు కారంతా దొర్లాయి.

"అయ్యో, నా కాలు!" అంటూనే రాజవ్వ చెయ్యి దానంతటదే ముందుకు పోయి, ఖాళీగా పొడుచుకుని ఉన్న కొయ్యను లోపలికి నెట్టేసింది. తీసింది మూయాలి కదా. కాకపోతే ఎప్పుడూ ఆ పని కారు ఆగి, ఇంజను కట్టేశాక చేసేది. నడుస్తుండగా నెట్టడం అదే మొదలు.

ఇంజను దగ్గు ఆగిపోయింది. టకటకా ఒకే తీరున, తేలిగ్గా ఆడసాగింది. రాజవ్వ పాదం సంగతి మరచిపోయి తల వంచింది.

"మొగిలీ, ఆగకు, పోనీ. ఇన్నవా?"

"ఏమైందవ్వా?"

"తెగిన పోగు అతికింది."

ఆమె కొయ్యను లాగింది. ఇంజను దగ్గింది, వెనక పొగ లేచింది. నెట్టింది. సాఫీ అయింది. లాగింది. దగ్గింది. మొగిలయ్య నోరు తెరుచుకుని ఒకసారి కొయ్యను, ఒకసారి వెనక పొగను చూశాడు. "ఇంకోపారి లాగవ్వా" అన్నాడు. లాగింది. "నెట్టు." నెట్టింది. కారు ఎక్కిళ్ళు వచ్చిన మనిషిలా ఊగుతూ, ఆగుతూ, దూకుతూ నర్సంపేట రోడ్డు మీద పోతోంది. పత్తి చేలల్లో పనిచేస్తున్నవాళ్ళు నిలబడి చూస్తున్నారు. లోపల ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు.

హఠాత్తుగా మొగిలయ్య బ్రేకు తొక్కి, కారు దిగి, రోడ్డు పక్కన గట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఏమాయె బిడ్డా?"

"పెట్రోలు! ఇన్ని దినాలు పోయిన పెట్రోలు గిట్ల పోయింది. నన్ను దొంగ అన్నరవ్వా. నీ సంచి తాగింది!"

"తాగలే బిడ్డా" అంది రాజవ్వ, నెమ్మదిగా లెక్క తేలుతుండగా. "తాగకుంట నూనెల పోసింది."

చెల్లెలి ఇంటికి పోలేదు. అక్కడి నుంచే వెనక్కి తిరిగారు.

ఇంట్లో లింగమూర్తిని, వకీలును, మిస్త్రీని పిలిపించి రాజవ్వ కొయ్యను లాగి, నెట్టి చూపించింది. గుండయ్య ముఖం మాడిపోయింది.

"అది చోకని నాకు తెల్వదా అవ్వా? నేను చూసినప్పుడల్ల లోపలనే ఉన్నది. దానికి సంచెవరు తగిలిస్తరు?"

"నేను తగిలిస్త."

వకీలు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మరి బస్తాను కూసోబెట్టినప్పుడు ఈ సంగతి ఎందుకు చెప్పలేదమ్మా? విచారణంతా చెడిపోయింది."

"మీరు నన్ను జోకిన్రు గని, నా సంచిని జోకలే" అంది రాజవ్వ.

భాగ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. రాత్రికి అత్త పళ్ళెంలో గోంగూర పచ్చడి మామూలుకంటే ఎక్కువ పడింది. సంగతి తెలిశాక కూడా వీధివాళ్ళు ఒక పట్టాన నమ్మలేదు. రాజవ్వ అందరికీ విడమరిచి చెప్పింది, ఇదంతా సంచి పని అని. సమ్మమ్మ శ్రద్ధగా విని, "అయితే అక్కా, ఆ సంచి ఒక్కనాడు మాకు ఇస్తవా?" అని అడిగింది.

ఆ పూటే కారు దగ్గర ఇంకొక సంగతి మిగిలిపోయింది. మొగిలయ్య కారు తాళంచెవి అరుగు మీద పెట్టి నిలబడ్డాడు. లింగమూర్తి అరుగు దగ్గరికి వచ్చాడు. కాలిన మీసం అప్పటికి సగమే పెరిగింది. దాన్ని దువ్వుకుంటూ, "మొగిలీ... తప్పయింది. కూసో, అన్నం తిందువు" అన్నాడు.

"అన్నం మా ఇంట్ల ఉన్నది సావుకారీ. దొంగ అన్న నోటితోని పిలిస్తే ఎట్ల కూసుంట?"

అతను వీధిలోకి నడిచాడు. లింగమూర్తి గుమ్మం దాటలేదు. రాజవ్వ దాటింది. దెబ్బ తగిలిన కాలు ఈడ్చుకుంటూ, చౌరస్తా దగ్గర అతన్ని అందుకుంది.

"నువ్వు పోతే నన్నెవరు తిప్పుతరు?"

"కొత్త డ్రైవరొస్తడు అవ్వా."

"వాడు నాతోని ముచ్చట పెడతడా? పోతె పో. పోయేముందుగల నాకు నేర్పి పో. నేనే తోలుకుంట."

మొగిలయ్య నవ్వాపుకోలేకపోయాడు. నేర్పకుండా వదలనని ఆమె అతని భుజం మీది తుండుగుడ్డ పట్టుకుని నిలబడింది. చౌరస్తాలో జనం మూగారు. చివరికి అతను వెనక్కి వచ్చాడు. లింగమూర్తి నలుగురి ముందు, కొట్టు మెట్ల మీద నిలబడి, మొగిలయ్య దొంగ కాడని, తప్పు తనదేనని చెప్పాడు. ఆ తరువాతే అతను తాళంచెవి అందుకున్నాడు.

రాజవ్వ మాత్రం తన మాట మరచిపోలేదు. ఇంజనులో అరిగిన భాగాలు మార్పించాక, ఖిలా వరంగల్‌లో ఖాళీ మైదానం చూసి, మొగిలయ్య ఆమెను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. మొదటి గేరు వేసి ఇచ్చాడు. కారు కదిలింది. ఆమె స్టీరింగును ఒక వైపు తిప్పి అలాగే పట్టుకుంది. కారు గుండ్రంగా తిరగసాగింది. పడిపోయిన రాతి స్తంభాల మీద కూర్చుని గొర్రెల కాపరులు చూశారు.

"అవ్వా, రెండో గేరు వేస్త, కాలు నొక్కు" అన్నాడు మొగిలయ్య.

"రెండోది ఎందుకురా? మొదటిదే పోతాంది గద."

ఆమె ఎప్పటికీ రెండో గేరు దాకా పోలేదు. వారానికోసారి ఆ మైదానంలో మొదటి గేరులో తిరిగేది. లింగమూర్తి ఒకసారి భయపడుతూ వచ్చి చూశాడు. "అవ్వా, ఆపు!" అని కారు వెంబడి పరుగెత్తాడు. "ఎట్ల ఆపాల్నో మొగిలి ఇంక చెప్పలేదు" అని కిటికీలోంచి అరిచిందామె.

పోలీసు చర్య జరిగిన ఏడాది రోడ్ల మీద తిరగడం కష్టమై లింగమూర్తి కారు అమ్మేశాడు. గొడవలు సద్దుమణిగాక మొగిలయ్య మళ్ళీ బస్సు పనిలో చేరాడు. ఈసారి బొగ్గు లేదు, పెట్రోలు బస్సే. అది మట్టెవాడ చౌరస్తాకు వచ్చే వేళకు రాజవ్వ అక్కడ నిలబడి చెయ్యెత్తేది. బస్సు ఆగేది. మొగిలయ్య పక్కన ముందు సీటు ఖాళీగా ఉంటే ఎక్కి నర్సంపేట దాకా పోయి, చెల్లెలిని చూసి, అదే బస్సులో తిరిగొచ్చేది. ఖాళీ లేకపోతే ఎక్కేది కాదు. ఇంటికి పోయి, మరునాడు మళ్ళీ వచ్చి నిలబడేది.